పెద్దాసుపత్రి రిజిస్టరు, జిల్లా లెక్క

మా గుంటూరు జిల్లా పేరెత్తితే పెళ్లి సంబంధాలవారు నసిగిన రోజులు నాకు గుర్తే. ప్రభుత్వాసుపత్రులకొచ్చిన గర్భిణుల, సుఖవ్యాధి రోగుల రక్తపరీక్షలను బట్టి చూస్తే, జిల్లాలో ఎయిడ్స్ వైరస్ సోకినవారు 1,12,600 మంది అని లెక్క తేలేది. 2004-05లో డాక్టర్ లలిత్ దండోనా బృందం 66 పల్లెలు, పేటల్లో 15-49 ఏళ్లవారు 12,617 మందికి పరీక్ష చేస్తే అది 45,900కు దిగింది. కారణం ఏ గుమాస్తాకైనా బోధపడేదే. ప్రైవేటు డాక్టర్లు అనుమానమున్నవారిని పెద్దాసుపత్రికి పంపేవారు. పేదలూ అక్కడికే వెళ్లేవారు. ఆ రిజిస్టరును జిల్లా అంతటికీ హెచ్చిస్తే ఎలా? ఇంటింటి సర్వే రక్తపరీక్షలు కలిపాక, 2007లో దేశం అంచనా కూడా 52 లక్షల నుంచి 25 లక్షలకు తగ్గింది. సంతోషించాను గాని, 45,900 మాత్రం చిన్న అంకెా? ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలై అప్పటికి మూడేళ్లే.