డస్ట్ కలెక్టర్‌కి ఫిల్టర్ కొనేముందు దుమ్ము సంగతి తెలుసుకోండి

అమెరికాలో మనవాళ్లు పెట్టుకున్న పిండి, కారం, పసుపు, పొడుల యూనిట్లు చాలావరకు గ్యారేజీ స్థాయి దాటిపోయాయి. హామర్ మిల్లు, బ్లెండర్, ప్యాకింగ్ లైను, వాటన్నిటి దగ్గరా దుమ్ము లాగడానికి గొట్టాలు, ఆ గొట్టాల చివర ఒక డస్ట్ కలెక్టర్. మిల్లు కొనేటప్పుడు నాలుగు కొటేషన్లు తెప్పించుకునే మనిషే, కలెక్టర్‌లోని కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు మార్చాల్సి వచ్చేసరికి "సైజు సరిపోతే చాలండీ, చవకది చెప్పండి" అంటాడు. నేను పారిశ్రామిక ఫిల్టర్ల పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తుంటాయి. నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న సైజు గురించి కాదు, మీ దుమ్ము ఎలాంటిది అని.

కార్ట్రిడ్జ్ అంటే విసనకర్రలా మడతలు పెట్టిన ఫిల్టర్ గుడ్డని గుండ్రంగా చుట్టిన డబ్బా. ఆ గుడ్డనే మీడియా అంటారు. గాలి బయటినుంచి లోపలికి వెళుతుంది, దుమ్ము బయట నిలిచిపోతుంది. మధ్యమధ్యలో లోపలినుంచి కంప్రెసర్ గాలి ఒక్కసారిగా కొట్టి ఆ దుమ్ముని కింది హాపర్‌లోకి రాలుస్తుంది. ఇది బాగా జరగాలంటే దుమ్ము మీడియా పైనే ఆగాలి. టీ జాలీలో పొడి పైనే ఉంటుంది, తట్టగానే రాలిపోతుంది. అదే పాత పంచె ముక్కతో వడగడితే మరక నూలులోకి దిగుతుంది, ఎంత దులిపినా పోదు.

చవక కార్ట్రిడ్జ్‌లో ఉండేది దాదాపు 80 శాతం కాగితపు పీచు, 20 శాతం పాలిస్టర్. పొడి వాతావరణంలో, జిడ్డులేని దుమ్ముకి ఇది చక్కగా పనిచేస్తుంది, దీన్ని తక్కువ చేయక్కర్లేదు. కానీ తేమ తగిలితే పీచు ఉబ్బుతుంది, సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవుతుంది. ఇదే కాగితం మీద సన్నటి నానోఫైబర్ పొర వేస్తే దుమ్ము ఎక్కువగా ఆ పొరమీదే ఆగుతుంది, సులభంగా రాలుతుంది. సన్నటి పొడి దుమ్ముకి నేను ముందుగా చెప్పేది ఇదే. ఆ పొర మాత్రం సుకుమారం, కడిగినా గీరినా పోతుంది. స్పన్‌బాండ్ పాలిస్టర్ గట్టిది, తేమకి తట్టుకుంటుంది. దానిమీద పీటీఎఫ్ఈ మెంబ్రేన్ అతికించినది అన్నిటికన్నా ఖరీదు. మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పదార్థమే అది. జిగురు, నూనె, తేమ లాగే గుణం ఉన్న దుమ్ముకి ఆ ఖర్చు తప్పదు.

మిరపకాయలో, ముఖ్యంగా గింజల్లో నూనె ఉంటుంది. మిల్లులో వేడికి అది బయటికొచ్చి కారప్పొడిని మీడియాకి అతుక్కునేలా చేస్తుంది. బెల్లం, పంచదార, ఉప్పు గాలిలోని తేమ పీల్చుకుని గట్టిపడతాయి. బియ్యప్పిండి, శనగపిండి పొడిగా ఉన్నంతవరకు మర్యాదగానే ఉంటాయి. న్యూజెర్సీలో ఒక కారం యూనిట్‌లో కాగితపు కార్ట్రిడ్జ్‌లు నెల తిరక్కుండానే మూసుకుపోయేవి. యజమాని పల్స్ గాలి ఒత్తిడి పెంచాడు. మడతలు చిరిగి కారం గదిలోకే వచ్చింది, ప్యాకింగ్‌లో ఉన్న ఆడవాళ్లు దగ్గుతూ పనిచేశారు. మెంబ్రేన్ ఉన్న పాలిస్టర్‌కి మారాక, మడతలు కాస్త దూరంగా ఉన్నవి వేశాక తేరుకున్నారు.

మడతల విషయంలో మోసపోవద్దు. "మా కార్ట్రిడ్జ్‌లో 400 చదరపు అడుగుల మీడియా ఉంది" అని ఒకరు, "250 ఉంది" అని ఒకరు అంటే 400 మంచిదనిపిస్తుంది. కానీ మడతలు మరీ దగ్గరగా కుక్కితే వాటి మధ్య దుమ్ము ఇరుక్కుని రాలదు, అక్కడున్న గుడ్డంతా వృథా. నిమిషానికి 10,000 ఘనపుటడుగుల గాలి లాగే కలెక్టర్‌కి ఒక్కో చదరపు అడుగుకి 2 ఘనపుటడుగుల లెక్కన 5,000 చదరపు అడుగుల మీడియా కావాలి. అంటే 250 అడుగులవి 20. జిగురు దుమ్మైతే ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి.

మెర్వ్ నంబరు మరో ఆకర్షణ. అది ఆష్రే 52.2 పద్ధతిలో, మామూలు వెంటిలేషన్ ఫిల్టర్లకోసం పెట్టిన కొలత. రోజంతా పల్స్ దెబ్బలు తినే ఫిల్టర్ ఆరు నెలల తర్వాత ఎలా ఉంటుందో అది చెప్పదు. పల్స్‌తో శుభ్రమయ్యే కలెక్టర్లను పరీక్షించడానికి ఆష్రే 199 అని వేరే ఉంది, అమ్మేవాణ్ణి ఆ ఫలితాలు అడగండి.

ఇక అసలు భయం. పిండి, పంచదార, పసుపు, కారం ఇవన్నీ గాలిలో మేఘంలా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలగలవు. 2008 ఫిబ్రవరి 7న జార్జియాలోని పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ పేలుడులో 14 మంది చనిపోయారు. మొదటి పేలుడు కన్వేయర్‌లో మొదలైతే, నేలమీదా దూలాలమీదా పేరుకున్న పంచదార దుమ్ము లేచి వరసగా అంటుకుంది. ఇలాంటి దుమ్ముకి అల్యూమినియం పూత ఉన్న యాంటీస్టాటిక్ మీడియా ఇస్తారు. స్థిర విద్యుత్తు పేరుకోకుండా అది సాయపడుతుంది, అదీ ఎర్తింగ్ సరిగ్గా ఉంటేనే. కార్ట్రిడ్జ్ మీద రబ్బరు గాస్కెట్ ఉండి, లోహపు పట్టీ బాడీకి తగలకపోతే ఆ పూతకి పెట్టిన డబ్బు దండగ. పైగా ఏ మీడియా అయినా పేలుడుని ఆపదు. దానికి పేలుడు వెంట్, గొట్టంలో ఐసోలేషన్ వాల్వ్ కావాలి. అమెరికాలో దీనికి ఇప్పుడు ఎన్ఎఫ్‌పీఏ 660 ప్రమాణం ఉంది, దాని ప్రకారం డస్ట్ హజార్డ్ అనాలిసిస్ చేయించాలి. "మాది చిన్న యూనిట్" అంటే దుమ్ము వినదు.

గల్ఫ్‌లో ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఉన్న మన తమ్ముళ్ల సంగతి వేరు. వెల్డింగ్ పొగ కణాలు మైక్రాన్ కన్నా చిన్నవి కాబట్టి నానోఫైబరో, మెంబ్రేనో ఉండాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్‌లో హెక్సావాలెంట్ క్రోమియం వస్తుంది, క్యాన్సర్ కారకం. అమెరికాలో ఓషా దానికి పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములే. తీరంలో రాత్రి తేమకి బయట పెట్టిన కలెక్టర్‌లో మంచు పడుతుంది, అక్కడ కాగితం వద్దు. క్వార్ట్జ్ కిచెన్ కౌంటర్లు కోసే షాపుల్లో పనిచేసేవాళ్లయితే ఫిల్టర్ మీద భరోసా పెట్టుకుని పొడిగా కోయకండి. నీళ్లు పోస్తూ కోయడం మొదట, ఫిల్టర్ తర్వాత. ఇంజనీర్డ్ క్వార్ట్జ్‌లో 90 శాతం పైగా సిలికా ఉండొచ్చు. సిలికోసిస్ కేసులు చూసే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది.

చలికాలంలో హీటింగ్ ఖర్చు మిగులుతుందని వడగట్టిన గాలిని మళ్లీ షెడ్డులోకే వదులుతుంటారు. అలాగైతే కలెక్టర్ తర్వాత ఒక హెపా ఫిల్టర్ పెట్టండి, ఒక్క మడత చిరిగినా అదంతా పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకే. పేలే దుమ్ముకి అలా వదలడం సాధ్యమా కాదా అన్నది ముందు ఆ అనాలిసిస్ చేసినవాళ్లే చెప్పాలి.

ఫిల్టర్ మార్చే రోజు తెలియాలంటే కలెక్టర్ పక్కనున్న ప్రెజర్ గేజిని వారానికోసారి రాసిపెట్టుకోండి. కొత్తవాటితో సాధారణంగా అంగుళం నీటిమట్టం దగ్గర మొదలై, 3, 4 దగ్గర నిలబడుతుంది. పల్స్ కొట్టినా 6 నుంచి దిగకపోతే మార్చాల్సిందే. ఒక్కసారిగా సున్నా వైపు పడితే ఆనందపడకండి, ఎక్కడో చిరిగింది. కొత్త కార్ట్రిడ్జ్‌ల ఆర్డరు పెట్టేముందు హాపర్‌లోంచి ఒక డబ్బాడు దుమ్ము తీసి ల్యాబుకి పంపండి. కణం సైజు, తేమ, పేలే గుణం మూడూ పరీక్షించమని అడగండి. ఆ కాగితం చేతిలో ఉంటే సేల్స్‌మన్‌తో బేరం కూడా వేరుగా నడుస్తుంది.