అరణ్యం ఎవరిది? గోదావరీ తీర వనపాలనలో రాజధర్మం

ఖమ్మం నుండి విజయవాడకు సాగే రైలుమార్గంలో బోనకల్ స్టేషన్ దాటే యాత్రికునికి అరణ్యం కనిపించదు. ఇరువైపులా పత్తి, మిరప చేలు, వరి మళ్ళు మాత్రమే దర్శనమిస్తాయి. అడవి అక్కడికి ఈశాన్యాన, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వరకు విస్తరించి ఉంది. అయినా మైదానవాసి నాగలికీ, బండిచక్రానికీ, ఇంటి దూలానికీ ఆ అడవే ఆధారం. 1889లో బెజవాడను చేరిన నిజాం రైలుమార్గం సైతం దానినే ఆశ్రయించింది. పట్టాల కింది స్లీపర్లు కలపవే, సింగరేణి గనుల పైకప్పులను నిలిపిన దిమ్మెలూ కలపవే. ఒకే వనాన్ని ఇందరు ఆశ్రయించినప్పుడు ఎవరికెంత, ఎంతకాలం అన్న ప్రశ్న పాలకుని ముందు నిలుస్తుంది.

భారతీయ రాజనీతికి ఈ ప్రశ్న నూతనం కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్ర ద్వితీయాధికరణంలో భూమిచ్ఛిద్రవిధానమనే ప్రకరణాన్ని దీనికే కేటాయించాడు. సేద్యానికి యోగ్యం కాని భూమిని ఎలా వినియోగించాలన్నది అక్కడి విషయం. పశువులకు పచ్చిక బయళ్ళు, వేదాధ్యయనపరులైన తపస్వులకు అభయారణ్యాలు, రాజవిహారానికి కందకమూ ఏకద్వారమూ గల మృగవనం, సమస్త జంతువులనూ అతిథులుగా భావించే మరొక మృగవనం, ఒక్కొక్క ద్రవ్యానికి ఒక్కొక్క ద్రవ్యవనం, రాజ్యసీమాంతంలో గజవనం ఏర్పరచాలని ఆయన విధించాడు. ఏనుగును చంపినవానికి మరణదండన. ద్రవ్యవనాలను ఆశ్రయించి కర్మాగారాలను, అటవీజనులను కూడా నెలకొల్పమన్నాడు. ఈ చివరి మాట గమనార్హం. కౌటిల్యుని దృష్టిలో అటవీజనుడు వనసంపదను నిలిపే ఉపకరణం. వాని హక్కు ఏమిటన్న విచారణ ఆ ప్రకరణంలో లేదు.

ఆ విచారణ వాల్మీకి అరణ్యకాండలో ఉంది. దండకారణ్యంలో ప్రవేశించిన శ్రీరాముని మునులు శరణు వేడుతూ, నగరంలో ఉన్నా వనంలో ఉన్నా తమకు రాజువు నీవే అంటారు. ప్రజల నుండి ఆరవ భాగం గ్రహించి వారిని బిడ్డలవలె కాపాడని రాజుకు మహాపాపం సంక్రమిస్తుందనీ పలుకుతారు. రాజ్యభ్రష్టుడై, జటావల్కలధారియై వచ్చిన వానితో ఈ మాట అన్నారన్నది విస్మరించరాదు. వనవాసి ప్రజయే, వాని రక్షణ రాజు దయ కాదు, రాజు ఋణం. భద్రాచలానికీ పర్ణశాలకూ తరలివచ్చే భక్తులు పరమపవిత్రంగా భావించే నేల ఈ ధర్మం ఉచ్చరింపబడిన దండకయే.

ఆ నేల పంతొమ్మిదవ శతాబ్దిలో రెండుగా చీలింది. 1860 ఒప్పందంతో గోదావరి ఎడమగట్టు తాలూకాలను నిజాం ఆంగ్లేయులకు అప్పగించాడు. భద్రాచలం తొలుత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరి, 1874లో మద్రాసు రాజధానికి బదిలీ అయింది. పాల్వంచ, బోనకల్ ప్రాంతాలు నిజాం ఏలుబడిలోనే నిలిచాయి. నది ఒక్కటే, ఇరుగట్ల కోయల బంధుత్వమూ ఒక్కటే. అటవీ శాసనాలు మాత్రం రెండు. 1878 నాటి భారత అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం అంగీకరించలేదు. అడవులపై గ్రామీణులకు అనాదిగా హక్కులున్నాయని అక్కడి రెవెన్యూ బోర్డు వాదించింది. ఆ వాదం చివరకు నిలువలేదు. 1882లో మద్రాసు తన చట్టాన్ని తానే చేసుకొని రిజర్వు అడవులను ఏర్పరచసాగింది. మరుగట్టున హైదరాబాదు రాజ్యం కూడా అదే త్రోవ తొక్కింది.

రిజర్వుతో పాటు వచ్చినది వర్కింగ్ ప్లాన్ అనే కార్యప్రణాళిక. దాని తర్కం సరళం. అడవిని కూపులుగా విభజించి, ఏడాదికొక కూపు చొప్పున నరుకుతూ పోతే, చివరి కూపు చేరేనాటికి మొదటిది తిరిగి పెరిగి ఉండాలి. ప్రకృతి ఇచ్చే వృద్ధిని మించి గ్రహించరాదన్న ఈ నియమంలో వివేకం నిస్సంశయంగా ఉంది. వడ్డీని భుజించి అసలును కాపాడే గృహస్థుని వివేకమది. లోపం లెక్కలో లేదు, లెక్కించిన వస్తువులో ఉంది. టేకు ఘనపరిమాణం లెక్కకు వచ్చింది. ఇప్పపువ్వు ఏరుకొనే స్త్రీ, పోడు కొట్టుకొనే కొండరెడ్డి, బుట్టలల్లే మేదరి లెక్కలో ‘రాయితీ’గా మాత్రమే కనిపించారు. ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కు తీసుకోగలిగినది రాయితీ. 1879లో రంపలో చెలరేగి భద్రాచలం వరకు పాకిన తిరుగుబాటుకు కల్లుపన్ను, మన్సబుదారు దౌర్జన్యంతో పాటు అటవీ నిబంధనలూ కారణమయ్యాయి.

స్వాతంత్ర్యానంతరం పాలకులు మారినా లెక్క మారలేదు. 1952 జాతీయ అటవీ విధానం సమీప గ్రామాల అవసరాలను గుర్తిస్తూనే అవి దేశప్రయోజనానికి అడ్డురాకూడదన్నది. 1975లో ఏర్పడిన అటవీ అభివృద్ధి సంస్థ సహజారణ్యం ఉన్న చోట జామాయిల్ తోటలు పెంచింది. భద్రాచలం ఎదుటి గట్టున సారపాకలో కాగితపు మిల్లు వెలసింది. వెదురు మిల్లుకా మేదరికా అన్న వివాదంలో మిల్లుదే పైచేయి అయిందనుట అతిశయోక్తి కాదు.

1988 విధానం వరుసను తారుమారు చేసింది. పర్యావరణ స్థిరత్వం ప్రథమ లక్ష్యమనీ, అటవీ ఫలసాయంపై తొలి హక్కు గిరిజనుల గృహావసరాలదనీ ప్రకటించింది. 2006 అటవీ హక్కుల చట్టం రాయితీ అన్న పదాన్నే తొలగించి హక్కు అన్నది. అయితే ఉపయోగాల మధ్య వైరుధ్యం చట్టంతో అంతరించలేదు. మాఘ ఫాల్గుణాల్లో తునికి పొదలను కొట్టివేస్తే సుమారు నెలన్నరకు లేత ఆకు వస్తుంది. వేసవిలో కల్లాల్లో ఆ ఆకు అమ్మితేనే గూడేనికి రొక్కం. లేత చిగురు కోసమూ, ఇప్పపువ్వు స్పష్టంగా కనిపించుట కోసమూ నేల మీది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఆ నిప్పే టేకు మొలకను, పక్షి గూడును దహిస్తుంది. ఉభయులకూ తమ తమ న్యాయం ఉంది. సంభాషణ లేనిచోట అది రక్తపాతానికి దారితీస్తుంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ మొక్కల వద్ద జరిగిన దాడిలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణాలు కోల్పోయాడు.

మరుసటి ఏడాది జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు పంచింది. అవి సాగుభూమికి కుటుంబాల పేరిట ఇచ్చినవి. గూడెం అంతా ఉమ్మడిగా ఏరుకొనే తునికాకుకు, ఇప్పకు, వెదురుకు కావలసినది సామూహిక హక్కుపత్రం. అది లభించిన చోట వనరక్షణ ప్రణాళికను గ్రామసభ ఎన్నుకొన్న సమితియే రచించాలి. అటవీశాఖ వర్కింగ్ ప్లాన్‌తో దానిని అనుసంధించేటప్పుడు ఏ మార్పులు అవసరమో నిర్ణయించే అధికారమూ 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ సమితిదే. నిప్పు పెట్టే మాసమేదో, పెట్టరాని చోటేదో, మేదరికి ఎన్ని వెదుళ్ళు విడవాలో ఇకపై ఆ పత్రంలో వ్రాయవలసినవారు ఆ గూడెంవారే.