గాలి గుణం, గాలి దారి: వాల్తేరులో చదివిన ఒక ఆచార్యుని విద్యాజీవితం

వాతావరణ రసాయన శాస్త్రం అనగానే మీకు ప్రయోగశాల, గాజు గొట్టాలు గుర్తుకు రావచ్చు. ఈ రంగంలో కృషికి 1995లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్న పౌల్ క్రుట్జెన్ డాక్టరేట్ మాత్రం రసాయన శాస్త్రంలో కాదు, వాతావరణ శాస్త్రంలో. అంతకు ముందు ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు. గాలిలో ఏముంది అన్న ప్రశ్నను, ఆ గాలి ఎటు నుంచి వచ్చింది అన్న ప్రశ్న నుంచి విడదీయలేం. ఈ రెండు ప్రశ్నలు విశాఖపట్నంలో చదివిన ఒక ఆచార్యుని జీవితంలో ఎలా కలిశాయో ఈ పాఠంలో చూద్దాం.

ఆయన టి.ఎన్. కృష్ణమూర్తి. 1932లో మద్రాసులో జన్మించారు. కాబట్టి 'మన తెలుగు శాస్త్రవేత్త' అని రాయడం సరికాదు. వాల్తేరుకు ఆయనపై ఉన్న హక్కు ఒక్కటే, ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అది చిన్న హక్కు కాదని నా అభిప్రాయం. 1926లో బెజవాడలో ప్రారంభమై తరువాత వాల్తేరుకు వచ్చిన ఈ విశ్వవిద్యాలయానికి ఎదురుగానే బంగాళాఖాతం ఉంది. తుఫాను ఇక్కడ పుస్తకంలోని బొమ్మ కాదు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడికి వచ్చి, విద్యార్థులతో కలిసి ఈ సముద్రాన్నే పరిశీలించారు.

కృష్ణమూర్తి 1959లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. కొంతకాలం లాస్ ఏంజిలిస్‌లో బోధించి, 1967లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడే స్థిరపడ్డారు. ఆనాటి వాతావరణ పాఠ్యగ్రంథాలు ఎక్కువగా సమశీతోష్ణ మండలాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవి. అక్కడ పీడన పటం చూస్తే గాలి తీరు చాలావరకు తెలుస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ పీడన తేడాలు స్వల్పం, ఆ లెక్క పనిచేయదు. గాలినే నేరుగా కొలవాలి. అందుకే 1979 నాటి అంతర్జాతీయ రుతుపవన ప్రయోగం మోనెక్స్ ఆయనకు ముఖ్యమైంది. ఓడలు, విమానాలు, బెలూన్లు సముద్రం మీది గాలుల వివరాలు తెచ్చాయి. అంతకు ముందే 1958లో మన పంచేటి కోటేశ్వరం ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని వివరించి ఉన్నారని ఇక్కడ గుర్తుంచుకోండి.

ఇప్పుడు రసాయనం దగ్గరకు వద్దాం. దక్షిణ అట్లాంటిక్ సముద్రంపై, ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ట్రోపో ఆవరణంలో ఓజోన్ ఎక్కువగా ఉన్నట్లు ఉపగ్రహ సమాచారం చూపింది. కార్ఖానాలు లేని నడి సముద్రంలో ఓజోన్ ఎక్కడిది? ఆఫ్రికాలో, బ్రెజిల్‌లో గడ్డి మైదానాలు, అడవులు తగలబెట్టే కాలం అది. పొగలోని నత్రజని ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఇంతవరకు రసాయన శాస్త్రం చెబుతుంది. అది అక్కడే ఎందుకు పోగవుతుందో చెప్పాలంటే గాలుల లెక్క కావాలి. కృష్ణమూర్తి బృందం 1993లో ప్రచురించిన వ్యాసం ఆ ఓజోన్ వెనుక ఉన్న వాతావరణ పరిస్థితులనే పరిశీలించింది. రెండు ఖండాల నుంచి వచ్చే ప్రవాహాలను, ఆ సముద్రంపై గాలి కిందికి దిగే తీరును కలిపి చూస్తే తప్ప చిత్రం పూర్తికాదు.

ఇదే పద్ధతి హిందూ మహాసముద్రానికి వచ్చింది. 1996 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సముద్రంపై ఏరోసాల్స్, అంటే గాలిలో తేలే సూక్ష్మకణాలు, ఎలా ప్రయాణించాయో ఆయన బృందం 1998లో వివరించింది. 1999లో క్రుట్జెన్, వీరభద్రన్ రామనాథన్‌ల నాయకత్వంలో జరిగిన ఇండోఎక్స్ ప్రయోగం, శీతకాలపు ఈశాన్య గాలులు దక్షిణాసియా పొగమసిని మాల్దీవుల దాకా మోసుకుపోతున్నట్లు చూపింది. మన వంటచెరకు పొగ, లారీల పొగ కూడా అందులో ఉన్నాయి.

కృష్ణమూర్తికి 1996లో వచ్చిన అంతర్జాతీయ వాతావరణ సంస్థ బహుమతి గురించి, అనేక నమూనాల అంచనాలను వాటి పాత పొరపాట్ల ఆధారంగా కలిపే సూపర్ ఎన్‌సెంబుల్ పద్ధతి గురించి ఇతర గ్రంథాల్లో విస్తారంగా దొరుకుతుంది. ఆయన 2018లో మరణించారు.

మీలో ఆనందపురం వైపు వారుంటే ఒక పని చేయండి. విశాఖ పటం తెరిచి కైలాస కొండల వరుసను, యారాడ కొండను చూడండి. ఈ రెండింటి మధ్య నగరం గిన్నెలా ఉంటుంది. రిఫైనరీ 1957 నుంచి, ఎరువుల కర్మాగారం 1967 నుంచి ఆ గిన్నెలోనే పనిచేస్తున్నాయి. పగలు సముద్రపు గాలి, రాత్రి నేల గాలి. శీతకాలపు వేకువన చల్లని గాలి నేలను అంటిపెట్టుకుంటే పొగ పైకి లేవదు. కొండల ఆవల ఉన్న ఆనందపురంలో, గిన్నెలో ఉన్న మల్కాపురంలో ఒకే రోజు ఒకే గాలి ఉండదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడింది తెల్లవారుజామున, జనం నిద్రలో ఉన్న వేళ. ఆ ఆవిరి గాలి కంటే బరువైంది, అందువల్ల నేలబారుగా పాకింది. పన్నెండు మంది చనిపోయారు. ఆ రోజు ఎవరు ఎటు పరుగెత్తాలి అన్నది స్టైరీన్ అణుసూత్రం తెలిసినంత మాత్రాన తేలే ప్రశ్న కాదు.