కోరంగి: ఒక తీరగ్రామ చరిత్రము

దేశచరిత్రమనగా రాజధానుల చరిత్రమేయని తలచుట మనలో వాడుక. సముద్రపుటొడ్డునగల చిన్న పల్లెకును చరిత్రము కలదు. దానిని వ్రాసి యుంచువారు తక్కువ.

కాకినాడకు దక్షిణముగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున, గోదావరి పాయయొడ్డున కోరంగి గ్రామము కలదు. నేడచటికి పోయినవారికి వలలు, నాటుపడవలు, వాని వెనుక మడ అడవులు కనబడును. ఒకప్పుడిది బంగాళాఖాతమున తిరుగు నావికులందరెరిగిన రేవు. కలకత్తాకును తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలను నిలిపి బాగుచేయుటకు ఇంతకంటె అనువైన చోటు లేకుండెను. 1802లో ఇచట ఓడల మరమ్మతుకై డాక్ నిర్మింపబడెను. వడ్రంగులు, కమ్మరులు, తెరచాపలు కుట్టువారు, సరంగులు, పల్లెకారులు ఒకే రేవునాశ్రయించి బ్రతికిరి.

ఆ బ్రతుకునకు సముద్రమే ఆధారము, సముద్రమే గండము. 1789 డిసెంబరులో వచ్చిన తుపానులో మూడు కెరటములు ఒకదాని వెంట నొకటి యూరిపై బడెను. సుమారు 20,000 మంది మరణించిరని చెప్పుదురు. కలకత్తాలో తుపానుల ప్రకృతిని పరిశోధించి, 'సైక్లోన్' అను పదమును కల్పించిన హెన్రీ పిడింగ్టన్ ఈ యుప్పెనను తన రచనలలో పేర్కొనెను. 1839 నవంబరులో మరియొక యుప్పెన వచ్చెను. లోతు తక్కువయైన సముద్రమున పెనుగాలి నీటిని ఒడ్డునకు నెట్టును. పల్లపు నేలపై ఆ నీటికి అడ్డు లేదు.

అయినను రేవును అంతమొందించినది ఉప్పెన యొక్కటియే కాదు. గోదావరి ఏటేట తెచ్చి పోయు ఒండ్రుమట్టి నదీముఖమును పూడ్చెను. పెద్ద ఓడలు రాజాలక పోయెను. వ్యాపారము కాకినాడకు తరలెను.

ఊరు చిన్నదైనను పేరు సముద్రము దాటెను. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైన పిదప, గోదావరి, విశాఖ మండలముల నుండి వేలకొలది జనులు 'రంగము' పోయి, రేవులలోను బియ్యపు మిల్లులలోను కూలిచేసిరి. వారు ఏ యూరివారైనను బర్మాలో అందరికిని 'కోరంగీలు' అనియే పేరు. ఆ పిలుపులో గౌరవము తక్కువ. 1930 మే మాసమున రంగూనులో తెలుగు రేవుకూలీలపై దాడులు జరిగి పెక్కుమంది చనిపోయిరి. 1942లో జపానుసేనలు రాగా, వేలాది కుటుంబములు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చెను. త్రోవలో రాలిపోయినవారి పేర్లు ఏ దస్త్రమునను లేవు.

ఉద్యోగరీత్యా దూరనగరములలో నివసించు మనకు జీతము, వసతి, సంఘము కలవు. మనకంటె ముందు ఊరు విడిచిన ఆ కూలీలకు ఇవి యేవియు లేవు. ప్రవాసాంధ్రుల చరిత్రము వ్రాయుచో వారితోనే ప్రారంభింపవలెను. రంగమునుండి వచ్చిన తాతయో, ముత్తవ్వయో గల కుటుంబములు మనలోను ఉండవచ్చును. వారి నోటిమాటలను ఇప్పుడే వ్రాసియుంచుట మేలు.

ఇక కోరంగి సంగతి. 1978లో ఆ మడ అడవులు అభయారణ్యముగా ప్రకటింపబడెను. రేవును పూడ్చిన ఒండ్రుమట్టిలోనే ఆ చెట్లు వేళ్లూనెను. చేపపిల్లలకును రొయ్యలకును పెంపుడుతావులై, కెరటముల వేగమును తగ్గించుచున్నవి. వాని నీడననే పల్లెకారులు నేటికిని వల వేయుచున్నారు.