షోలే రికార్డు: అమ్ముడుపోయిన మాట

తపతీ నదీతీరమందలి సూరత్ నగరం మొగలాయి చక్రవర్తుల కాలంలో పడమటి సముద్రానికి ప్రధానమైన రేవు. ఆ వైభవం బొంబాయికి తరలిపోయిన తరువాత కూడా నగరం తన వృత్తులను విడిచిపెట్టలేదు. వానిలో జరీ పని ఒకటి. వెండి తీగను సన్నని బెజ్జాలగుండా లాగి, నలుగగొట్టి, పట్టు దారానికో నూలు దారానికో చుట్టి, బంగారు పూత పూస్తారు. తెలుగు దేశపు పట్టుచీరల అంచులలో మెరిసే జరీకి ఈ నగరమే చిరకాలంగా పుట్టినిల్లు. ఆ వృత్తిని బట్టి ఏర్పడిన ఇంటిపేరు జరీవాలా. 1938 జులై 9న సూరత్‌లో జన్మించిన హరిహర్ జేఠాలాల్ జరీవాలాను దేశం సంజీవ్‌కుమార్ అన్న పేరుతో ఎరుగును. భారతదేశపు సినిమా రికార్డుల వ్యాపారంలో ఒక విచిత్ర విజయానికి ఆయన కంఠం కూడా కారణమైనది. అది పాటకు కలిగిన విజయం కాదు, మాటకు కలిగినది.

1975 ఆగస్టు 15న షోలే చిత్రం విడుదలైనది. నిర్మాత జి.పి. సిప్పీ, దర్శకుడు రమేష్ సిప్పీ, రచయితలు సలీం-జావేద్. సంగీతం రాహుల్‌దేవ్ బర్మన్‌ది, పాటలు ఆనంద్ బక్షీవి. రెండు చేతులూ పోగొట్టుకొన్న ఠాకూర్ పాత్రను సంజీవ్‌కుమార్ ధరించినాడు. మొదటి వారాలలో చిత్రం నిలువదని వ్యాపార పత్రికలు తేల్చివేసినవి. తరువాత చూచినవారి నోటిమాట వలన జనం విరుచుకుపడినారు. బొంబాయి మినర్వా థియేటరులో ఆ చిత్రం ఐదేండ్లకు పైగా ఆడినది.

ఆ రోజులలో సినిమా సంగీతపు అమ్మకాలలో గ్రామఫోన్ కంపెనీ వారి కుక్క బొమ్మ రికార్డులదే ఏకచ్ఛత్రాధిపత్యం. ఆ ఆధిపత్యానికి పోటీగా అప్పుడప్పుడే నిలద్రొక్కుకొంటున్న సంస్థ పాలిడార్. షోలే పాటల హక్కులు ఈ సంస్థవే. అయితే చిత్రం నిండుగా ఆడుతున్నా, పాటల రికార్డులు తొలుత ఆశించినంతగా అమ్ముడుపోలేదు. కారణం వెదకుటకు సంస్థవారు థియేటర్లకే పోయి ప్రేక్షకులను గమనించినారని ఆ చిత్రచరిత్రను వ్రాసినవారు చెప్పుదురు. అక్కడ వారికి కనబడినది సులభమైన సంగతి. జనం పాటలు పాడుకొంటూ బయటికి వచ్చుట లేదు, మాటలు చెప్పుకొంటూ వస్తున్నారు. అంతట సంభాషణలనే రికార్డుగా వెలువరించినారు. ఆ రికార్డు లక్షల ఇండ్లకు చేరినది. హోటళ్ళలో, పండుగ పందిళ్ళలో, పెండ్లివారి మైకులలో ఆ సంభాషణలు పాటలవలె మ్రోగినవి. పిల్లలు వానిని ఎక్కాలకంటె త్వరగా కంఠస్థం చేసినారు.

దీనిని వర్తకుల చమత్కారమని మాత్రమే ఎంచినచో పొరపడుదుము. వర్తకుడు కొత్త సరకును కల్పింపలేదు, పాత అలవాటుకు కొత్త వెల కట్టినాడు. మాటను చెవితో విని, నోటితో మరల పలికి ఆనందించుట మన జాతికి అనాదిగా ఉన్నది. తెలుగువారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలను చదువు రానివారు సైతం నోటికి అప్పగించేవారు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు గ్రామఫోను మీద తిరిగిన కాలంలో, నాటకశాల మొగమెరుగని పల్లెలు కూడా రంగస్థలాన్ని చెవులతో చూచినవి. 1931లో చలనచిత్రానికి మాట వచ్చినప్పుడు, పార్సీ నాటక సమాజాలు పెంచిన గంభీర సంభాషణ శైలి హిందీ చిత్రాలలోకి నేరుగా ప్రవేశించినది. షోలే రికార్డు ఆ వంశవృక్షంలోని కొమ్మయే.

అదే 1975లో తెలుగులోనూ ఇటువంటి సంగతి జరిగినది. బాపు దర్శకత్వంలో ముళ్ళపూడి వెంకటరమణ రచించిన ముత్యాల ముగ్గు చిత్రంలో రావు గోపాలరావు పలికిన కంట్రాక్టరు మాటలు రికార్డెక్కి ఊరూరా వినిపించినవి. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చిత్రానికి కొండవీటి వేంకటకవి వ్రాసిన సుయోధనుని సంభాషణలను నేటికీ అక్షరం తప్పకుండా చెప్పగలవారు ఉన్నారు. ఈ రెండింటిలో మొదటిది గోదావరి జిల్లాల వాడుక మాట, రెండవది సమాసభూయిష్టమైన గ్రాంథికం. జనం రెండింటినీ సమానంగా ఆదరించినారు. కనుక వారు కోరినది భాష సులభముగా ఉండుట కాదు, మాటకు నడక ఉండుట.

ఇందువలన రచయితకు కొంత మేలు కలిగినది. అంతకుముందు సినిమా గోడపత్రికలలో రచయిత పేరుకు చోటు ఉండేది కాదు. 1973లో జంజీర్ విడుదలైనప్పుడు సలీం-జావేద్‌లు ఒక చిత్రకారుని నియమించి, బొంబాయి గోడపత్రికలపై తమ పేర్లను తామే వ్రాయించుకొన్నారని ప్రసిద్ధి. రెండేండ్లు తిరిగేసరికి అదే రచయితల మాటలను జనం డబ్బిచ్చి కొనుక్కొన్నారు. నటునికీ మేలు కలిగినది. గబ్బర్ పాత్రకు అంజాద్‌ఖాన్ గొంతు చాలదని చిత్రబృందంలోనే సందేహాలు తలయెత్తినవి. చివరకు ఇంటింటా మారుమ్రోగినది ఆ గొంతే. బ్రిటానియా బిస్కెట్ల ప్రకటనలో ఆ గజదొంగ వేషమే పిల్లలకు బిస్కెట్లు అమ్మినది. తల్లులు పేరు చెప్పి భయపెట్టవలసిన దొంగ చిరుతిండికి సాక్షి అయినాడు! వ్యాపారానికి మంచి చెడ్డల పట్టింపు లేదనుటకు ఇంతకంటె దృష్టాంతం వేరే కావలెనా?

అయితే లాభం లెక్కించినప్పుడు నష్టాన్ని కూడా లెక్కింపవలెను. రికార్డుమీద మాట ఉండును కాని మౌనం ఉండదు. షోలే చిత్రంలో మనస్సును మిక్కిలి కలచే పాత్ర విధవరాలైన రాధ. జయాభాదురి ధరించిన ఆ పాత్ర మాటలాడుట చాల తక్కువ. సాయంకాలం వసారాలో ఒక్కొక్క దీపమే ఆర్పుతూ పోతుంది. ఎదుట మెట్లమీద కూర్చున్నవాడు నోటివాద్యం వాయిస్తూ ఉంటాడు. రికార్డు వినువానికి ఆ వాద్యనాదం ఒకవేళ వినబడినా, దీపం ఆరుట వినబడదు. ఠాకూర్ భుజాలమీది శాలువ గాలికి జారి, చేతులు లేవని తెలియు క్షణం కూడా చెవికి అందదు. గర్జించినవాడు మిగిలినాడు, సహించినవారు మరుగుపడినారు.

సంజీవ్‌కుమార్ విషయంలో ఈ నష్టం మరింత స్పష్టం. 1970లో వచ్చిన దస్తక్ చిత్రానికి ఉత్తమ నటునిగా జాతీయ పురస్కారం పొందిన పిమ్మట, ఆయన అదే గౌరవాన్ని రెండవసారి పొందినది 1972 నాటి కోశిష్ చిత్రానికి. గుల్జార్ దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో ఆయనది చెవిటిమూగ పాత్ర. నోట ఒక్క మాట పలుకక, కన్నులతోను, వ్రేళ్ళతోను ఒక సంసారపు సుఖదుఃఖాలను చెప్పినాడు. ఆ నటనను ఏ కంపెనీ రికార్డు చేసి అమ్మగలదు? మూడేండ్ల తరువాత షోలేలో చేతులు కూడా లేని పాత్ర దొరికినది. అప్పుడు మిగిలిన సాధనం కన్నులూ కంఠమూ మాత్రమే. రికార్డులో ఆ కంఠం విని ముగ్ధులైనవారిలో ఎందరు కోశిష్ చూచి ఉందురు?

1985 నవంబరు 6న, నలుబది ఏడేండ్ల ప్రాయంలో, సంజీవ్‌కుమార్ మరణించినాడు. సూరత్ నగరపాలక సంస్థ నిర్మించిన ఒక పెద్ద రంగశాలకు ఆయన పేరు పెట్టినారు. అప్పటికే రికార్డుల కాలం పోయి క్యాసెట్ల కాలం వచ్చినది, వెల తగ్గినది, విను చెవులు పెరిగినవి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాలనుండి మరమగ్గాల పనికై సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు వేలకొలది. వారి పిల్లలకై అక్కడి నగరపాలక సంస్థ తెలుగు బడులను నడిపినది. ఇట్టి వలస బ్రతుకులలో, సొంతభాష వీథిలో వినబడని చోట, ఒక పెట్టెలోనుండి వచ్చే నాలుగు మాటలు ఊరికి సమానం. మాటను సరకుగా మార్చిన వ్యాపారాన్ని నిందించుటకు ముందు ఈ ఉపకారాన్ని గుర్తింపవలెను.

మన సాహిత్యచరిత్రలలో ఇట్టి సంభాషణలకు చోటు లేదు. ఉండవలెనా వద్దా అన్నది విద్వాంసులు తేల్చవలసిన ప్రశ్న. జనం మాత్రం తమ తీర్పును 1975లోనే అంగడిలో వెల చెల్లించి ప్రకటించినారు. మాటను నిలుపుటకు రికార్డు చాలును. మౌనాన్ని నిలుపుటకు చూచినవారి జ్ఞాపకం తప్ప దారి లేదు. కనుక రాధ ఆర్పిన దీపాలను గూర్చి, కోశిష్‌లోని ఆ వ్రేళ్ళను గూర్చి వ్రాయుట విమర్శకుని విధి.