అరవై అయిదేళ్ల గోప్యం: సుందర్‌లాల్ నివేదిక నేర్పే పాఠం

పాలకులు తమకు తెలిసిన ప్రతి విషయాన్నీ ప్రజలకు చెప్పి తీరాలా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. సేనలు ఏ దారిన కదలుతున్నవో శత్రువుకు తెలియనివ్వడం వివేకం కాదు. అయితే యుద్ధం ముగిసిన తరువాత, ఆ దారి పొడుగునా ఏమి జరిగినదో సొంత ప్రజలకే తెలియనివ్వకపోవడం వివేకమవుతుందా? హైదరాబాద్ సంస్థానం విషయంలో ఈ ప్రశ్న వేలాది కుటుంబాల కన్నీటితో ముడిపడి ఉన్నది.

1948 సెప్టెంబరు 13న భారత సేనలు సంస్థానంలో ప్రవేశించాయి. 17న నిజాం లొంగిపోయారు. ట్యాంకులతో సాగిన ఈ సైనిక చర్యకు ప్రభుత్వం 'పోలీసు చర్య' అని పేరు పెట్టింది. అంతకు ముందు రజాకార్లు గ్రామాలపై సాగించిన దౌర్జన్యాలను కాదనడానికి వీలులేదు. 1948 ఆగస్టు 27 నాటి బైరాన్‌పల్లి మారణకాండను తెలంగాణ నేటికీ మరువలేదు. కానీ నిజాం లొంగిపోయిన తరువాత చెలరేగిన ప్రతీకారం రజాకార్లతో ఆగలేదు. వారితో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిములు, స్త్రీలు, పిల్లలు సైతం దానికి బలి అయ్యారు.

ఈ వార్తలు ఢిల్లీకి చేరగా, ప్రధాని నెహ్రూ ప్రోద్బలంతో ఒక సౌహార్ద బృందం హైదరాబాద్ వచ్చింది. నాయకుడు పండిత్ సుందర్‌లాల్. బ్రిటిష్ పాలనపై ఆయన హిందీలో వ్రాసిన గ్రంథాన్ని 1929లో తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆయనతో పాటు, హైదరాబాద్ నుండి 'పయామ్' ఉర్దూ పత్రికను నడిపిన కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఉన్నారు. 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు వీరు సంస్థానంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగారు. 109 గ్రామాలకు చెందిన అయిదు వందల మందికి పైగా ప్రజలను విచారించారు.

వారి నివేదిక ప్రకారం, ఎంత తగ్గించి చెప్పినా సంస్థానం మొత్తం మీద 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలోనే కనీసం 18 వేల మంది మరణించారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలలో కనీసం 5 వేల మంది మరణించారు. సైన్యం ప్రవర్తన పలుచోట్ల క్రమశిక్షణతో ఉన్నదని మెచ్చుకుంటూనే, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీలలో, నేరాలలో పాల్గొన్నారని బృందం నిర్మొహమాటంగా వ్రాసింది.

ఆ నివేదికలో మరొక ముఖ్య విషయం ఉన్నది. ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులు అనేకులు వారికి కనిపించారు. కొన్ని ఊళ్లలో హిందూ నేతపనివారు తమ తోటి ముస్లిం నేతపనివారికి అడ్డుగా నిలబడి, ఆ ప్రయత్నంలో తమ ప్రాణాలనే పోగొట్టుకున్నారు. అపహరణకు గురైన ముస్లిం స్త్రీలను తిరిగి తెప్పించడంలో చేయి కలిపినవారు కూడా ఉన్నారు.

ప్రభుత్వం ఈ నివేదికను ప్రచురించలేదు. దాని దృష్టిని సర్దార్ పటేల్ అంగీకరించలేదు. రజాకార్ల అకృత్యాలకు అందులో తగిన చోటు ఇవ్వలేదన్నది ఆయన అభ్యంతరం. గోప్యతను సమర్థించేవారి వాదాన్నీ న్యాయంగా వినాలి. దేశ విభజన గాయాలు అప్పటికి పచ్చిగా ఉన్నాయి. కాశ్మీరు, హైదరాబాద్ వ్యవహారాలు రెండూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు ఉన్నాయి. నివేదిక బయటపడితే కొత్త మంటలు లేస్తాయన్న భయం నిరాధారమని అనలేము.

అయితే ఆ భయానికి ఆయుష్షు ఎంత? ఒక సంవత్సరమా, పదేళ్లా? నివేదిక భాగాలు 1988లో ఉమర్ ఖాలిదీ సంపాదకత్వాన వెలువడిన గ్రంథంలో కనిపించాయి. పూర్తి పాఠం ఎ.జి. నూరానీ గ్రంథం ద్వారా 2013లో సామాన్య పాఠకునికి అందింది. అప్పటికి 65 ఏళ్లు గడిచిపోయాయి. నాడు సాక్ష్యం చెప్పిన వారిలో అత్యధికులు మట్టిలో కలిసిపోయారు.

ఈ లోగా ఏమి జరిగింది? సత్యం లేని చోట వదంతి కూర్చున్నది. ఒకరు మృతుల సంఖ్య రెండు లక్షలన్నారు. మరొకరు అసలేమీ జరగలేదన్నారు. తమ తండ్రి ఎక్కడ, ఎట్లా చనిపోయాడో తెలియని కుటుంబాలకు ఏ అధికార పత్రమూ తోడు నిలువలేదు. హంతకుల పేర్లతో పాటు ఆ నేతపనివారి త్యాగం కూడా అదే దస్త్రంలో సమాధి అయిపోయింది. సామరస్యాన్ని కాపాడాలని దాచిన కాగితంలోనే సామరస్యానికి అన్నింటికంటె బలమైన సాక్ష్యం ఉన్నదంటే, ఆ గోప్యత ఎవరికి మేలు చేసినట్లు?

హిజ్రీ 8 (క్రీ.శ. 630)లో మక్కా ప్రయాణపు గమ్యాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) గోప్యంగా ఉంచారు. రక్తపాతాన్ని వీలైనంత తప్పించడం దాని ఉద్దేశ్యం. నగరం స్వాధీనం కాగానే ఆ రహస్యానికి పని తీరిపోయింది. క్షమాభిక్ష అందరి ఎదుట ప్రకటించబడింది. న్యాయమైన రహస్యానికి ఒక పని ఉంటుంది, ఆ పనితో పాటే అది ముగుస్తుంది. మన దేశపు 2005 నాటి సమాచార హక్కు చట్టం సైతం, 20 ఏళ్లు దాటిన సంఘటనల విషయంలో కొన్ని మినహాయింపులు తప్ప మిగిలినవి చెల్లవని చెబుతున్నది.

ప్రజల ప్రాణాలను కాపాడడానికి పాలకుడు కొంతకాలం మౌనం వహించవచ్చు. పోయిన ప్రాణాల లెక్క మాత్రం అతని సొత్తు కాదు. అది అతని వద్ద ప్రజలు ఉంచిన అమానతు. గడువు తీరిన పిమ్మట దానిని తిరిగి ఇవ్వకపోవడం అమానతులో ఖియానతే అవుతుంది.