ఓపల్ అంటే రాయే

శుక్రుడికి వజ్రం పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు జ్యోతిష్కులు ఓపల్ చెబుతారు. పేరు ఇంగ్లీషుదనుకుంటాం. భాషావేత్తల్లో చాలామంది మాత్రం దాన్ని మన ఉపలం దాకా తీసుకొస్తారు. సంస్కృత ‘ఉపల’ గ్రీకులో ‘ఒపాలియోస్’, లాటిన్‌లో ‘ఒపాలస్’ అయిందంటారు. అమరకోశంలో ఉపలం రాయికున్న పేర్లలో ఒకటి. అర్కోపలమంటే సూర్యకాంతమణి. ఉత్త రాయి సముద్రం దాటి రత్నమైందన్నమాట!

తిరుమల ఎక్కినవాళ్లకు దాని చుట్టం తెలుసు. శిలాతోరణం సుమారు 150 కోట్ల ఏళ్ల నాటి క్వార్ట్‌జైట్, ముఖ్యంగా సిలికా. ఓపల్ కూడా సిలికాయే, కాకపోతే కడుపులో నీళ్లు దాచుకుంది, మామూలుగా నూటికి 3 నుంచి 10 పాళ్లు. లోపలి సూక్ష్మగోళాలు వరస తప్పకుండా పేరుకుంటేనే వెలుగు చీలి రంగులాడతాయి. ఆ ఆట చూడాలంటే ఆస్ట్రేలియా నల్ల ఓపల్‌లోనే చూడాలి.

1829లో వాల్టర్ స్కాట్ నవల వచ్చాక ఐరోపాలో దీనికి అపశకునమన్న పేరు అంటుకుంది. విక్టోరియా రాణి లెక్కచేయక ఇష్టంగా ధరించింది. నేను రాణి పక్షమే. లోపలి నీళ్లు ఆరితే మాత్రం రాయి పగులుతుంది. పొయ్యి దగ్గరికి వెళ్లేటప్పుడు ఉంగరం తీసి పక్కన పెట్టండి.